అమ్మమ్మని ఎక్కడ నిలబెడతారు?

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఖాళీలున్నాయి, వెనక నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి. ఈరోజు తెర మీద బొమ్మలు చాలా చూపించాలి, అక్కడినుంచి చిన్న చిన్న వివరాలు కనబడవు. కూర్చున్నారా? సరే.

మీలో ఎవరినో ఒకరిని లేపి, "మీరెవరు, మీవాళ్ళెవరు?" అని అడిగాననుకోండి. చెప్పేస్తారు. పేరు చెప్తారు, అమ్మానాన్నల పేర్లు చెప్తారు, తాతలు ఏం చేసేవాళ్ళో చెప్తారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో చెప్తారు. రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఇప్పుడు అదే సంగతిని ఒక కాగితం మీద బొమ్మగా వేయమన్నాననుకోండి. అప్పుడు? అమ్మమ్మని ఎక్కడ నిలబెడతారు? మధ్యలోనా, ఓ పక్కనా? ఎంత పెద్దగా వేస్తారు, నాన్న కంటే పెద్దగానా, చిన్నగానా? ఆవిడ ఏ రంగు బట్టలో ఉంది? ఎటు చూస్తోంది, మీవైపా, ఇంకెటో చూస్తోందా? మీరెక్కడున్నారు ఆ బొమ్మలో? అసలు ఉన్నారా?

ఇందులో ఒక్క ప్రశ్న కూడా మాటల్లో చెప్పినప్పుడు ఎదురు కాలేదు. "మాది పెద్ద కుటుంబమండీ" అంటే అక్కడికి సరిపోయింది, ఎవరూ ఇంకేం అడగరు. బొమ్మకి అది సరిపోదు. ఎవరి పక్కన ఎవరు, ఎంత దూరంలో, ఏ వెలుగులో, అన్నీ మీరే తేల్చాలి. తేల్చలేకపోయారా, అక్కడ పెన్సిల్ ఆగిపోతుంది. ఆ ఆగిపోయిన చోటు గురించే నేను ఈరోజు మాట్లాడతాను. మాటల్లో దాటేసేవి బొమ్మలో దాటేయలేం. మనమెవరం, మన వెనక ఎవరున్నారు అన్నది తెలుసుకోవడానికి బొమ్మ అంతగా పనికొచ్చేది అందుకే అని నా నమ్మకం. ముందే తెలిసిన సంగతిని అందంగా చూపించడం వేరే పని, అదీ చేయొచ్చు. కానీ మనకి ఏం తెలియదో బొమ్మ చూపించినంత సూటిగా ఇంకేదీ చూపించదు.

మొదటి బొమ్మ చూడండి. ఫ్రిదా కాలో, మెక్సికో చిత్రకారిణి, 1936లో వేసింది. పేరు 'మా తాతలు, మా అమ్మానాన్నలు, నేను'. ఇక్కడ తెరంతా నిండిపోయింది కానీ అసలు బొమ్మ చాలా చిన్నది, వెడల్పు 35 సెంటీమీటర్లు దాటదు. జింకు రేకు మీద వేసింది. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది.

కింద, ఇంటి లోగిట్లో, ఒంటిమీద బట్టల్లేకుండా నిలబడ్డ చిన్నపిల్ల కనబడుతోందా? అదే ఫ్రిదా. చేతిలో ఎర్ర రిబ్బను ఉంది. ఆ రిబ్బను పైకి వెళ్ళి, అమ్మానాన్నల దగ్గరినుంచి ఇటు అమ్మవైపు తాత, అమ్మమ్మలకి, అటు నాన్నవైపు తాత, నానమ్మలకి సాగుతుంది. అమ్మవైపు వాళ్ళ కింద నేల ఉంది, కొండలున్నాయి. నాన్నవైపు వాళ్ళ కింద ఏముంది? సముద్రం. ఎందుకంటే నాన్న గియెర్మో కాలో జర్మనీ నుంచి వచ్చినవాడు, ఫోటోగ్రాఫరు. అమ్మ మతిల్దె మెక్సికో మనిషి, ఆవిడ పుట్టుకలో స్పానిష్‌వాళ్ళూ ఉన్నారు, అక్కడి మూలవాసులూ ఉన్నారు. మధ్యలో అమ్మానాన్నల బొమ్మ వాళ్ళ పెళ్ళి ఫోటో చూసి వేసింది. అమ్మ పెళ్ళి గౌను మీద చూడండి, కడుపులో బిడ్డ.

ఇప్పుడు ఒక సంగతి గమనించండి. ఆ పిల్ల రిబ్బనుని పట్టుకుంది. రిబ్బను ఆమెకి కట్టి లేదు, ఆమే పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి కావాలంటే వదిలేయగలదు. ఒక చిన్న చేతిని ఎలా వేయాలి అన్న దగ్గర ఫ్రిదా తేల్చుకున్న సంగతి అది. ఇంకో సంగతి. ఆవిడకి తోడబుట్టిన అక్కచెల్లెళ్ళు ముగ్గురున్నారు. బొమ్మలో ఉన్నారా? ఒక్కరూ లేరు. కుటుంబం బొమ్మ అంటే కుటుంబం మొత్తం ఉండాలని రూలేమీ లేదు. ఈ బొమ్మ అడిగే ప్రశ్న "ఈ ఒక్క పిల్ల ఎక్కడినుంచి వచ్చింది?" అని. అందుకని ఆ దారి తప్ప మిగతాదంతా తీసేసింది.

1936 అన్న సంవత్సరం కూడా గుర్తుంచుకోండి. అంతకు ముందు ఏడాదే, 1935లో, జర్మనీలో నాజీలు నూరెంబర్గ్ చట్టాలు తెచ్చారు. యూదులకీ, వాళ్ళు జర్మన్ రక్తం అనుకునేవాళ్ళకీ మధ్య పెళ్ళిళ్ళు నిషేధించారు. ఎవరి తాతలెవరు అని వంశవృక్షాల చార్టులు గీసి మనుషుల్ని వేరుచేస్తున్న రోజులవి. సరిగ్గా అలాంటి చార్టు రూపాన్నే తీసుకుని, ఇదిగో నా రక్తం ఇన్ని చోట్లనుంచి వచ్చింది చూడండి అని ఫ్రిదా వేసిందని కళాచరిత్రకారులు అంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది. మనుషుల్ని వెలివేయడానికి వాడిన చార్టుని ఆవిడ కలుపుకోవడానికి వాడింది.

ఇంకొక్క విషయం చెప్పి ఈ బొమ్మ దాటేస్తాను. ఫ్రిదా పుట్టింది 1907లో. తను మాత్రం 1910 అని చెప్పుకునేది. ఎందుకు 1910? మెక్సికో విప్లవం మొదలైన ఏడాది అది. నాన్నవైపు వాళ్ళు హంగరీ నుంచి వచ్చిన యూదులని చెప్పేది, తర్వాతి కాలంలో పరిశోధకులు రికార్డులు వెతికితే జర్మనీలోని లూథరన్ క్రైస్తవ కుటుంబమని తేలింది. ఈ మాట చెప్పగానే కొంతమంది "అయితే అబద్ధాలాడిందన్నమాట" అంటారు. అలా తీసిపారేయకండి. మనందరి ఇళ్ళల్లోనూ మూలాల గురించి చెప్పుకునే కథలున్నాయి. కొన్ని జరిగినవి, కొన్ని జరగాలని కోరుకున్నవి. నా వరకైతే ఆ కోరుకున్నవి కూడా మన గురించి చెప్తాయి. ఏ పూర్వీకుణ్ణి కావాలనుకున్నాం, ఏ సంవత్సరాన్ని కావాలనుకున్నాం అన్నది కూడా మన స్వరూపమే. కాకపోతే ఏది రికార్డు, ఏది కోరిక అన్నది బొమ్మ వేసే మనిషికి తెలిసి ఉండాలి. లేకపోతే తన కథలో తనే తప్పిపోతుంది.

తర్వాతి బొమ్మ. ఇది మీకు తెలిసే ఉంటుంది, 'ఇద్దరు ఫ్రిదాలు', 1939. ఒకామె యూరప్ తరహా తెల్ల గౌనులో, ఒకామె మెక్సికోలోని తెవానా స్త్రీల దుస్తుల్లో. ఇద్దరి గుండెలూ బయటికి కనిపిస్తున్నాయి, ఒకే రక్తనాళం ఇద్దర్నీ కలుపుతోంది. భర్త దియేగో రివేరాతో విడాకులైన ఏడాది అది. ఇద్దరిలో అసలు ఫ్రిదా ఎవరు? ఆ ప్రశ్నకి బొమ్మలో జవాబు లేదు, ఉండాల్సిన పని కూడా లేదు. ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు, చూడండి.

ఇప్పుడు అమృతా షేర్గిల్ దగ్గరికి వస్తాను. 1913లో బుడాపెస్ట్‌లో పుట్టింది. నాన్న ఉమ్రావ్ సింగ్ సిక్కు, సంస్కృతం, పర్షియన్ చదువుకున్నవాడు. అమ్మ హంగరీ మనిషి, ఓపెరా గాయని. అమృత పారిస్‌లో చిత్రకళ చదువుకుంది, 'యంగ్ గర్ల్స్' అని 1932లో వేసిన బొమ్మకి మరుసటి ఏడాది పారిస్ సలోన్ అనే పెద్ద చిత్రప్రదర్శనలో గోల్డ్ మెడల్ వచ్చింది. అప్పటికి ఆమె వయసెంత? ఇరవై. అక్కడే ఉండిపోవచ్చు కదా, అన్నీ బాగానే ఉన్నాయి కదా?

ఇదిగో, ఇది 1934లో వేసింది, 'తాహితీ స్త్రీగా నా చిత్రం'. నడుము పైభాగాన బట్టల్లేవు, వెనక ఒక మగవాడి నీడ. పాల్ గోగ్యాఁ అనే ఫ్రెంచి చిత్రకారుడు తాహితీ దీవికి వెళ్ళి అక్కడి ఆడవాళ్ళని బొమ్మలుగా వేసి పేరు తెచ్చుకున్నాడు, మీకు తెలుసు. ఆ బొమ్మల్లో వాళ్ళు చూడబడేవాళ్ళు. అమృత ఏం చేసింది? ఆ చూడబడే మనిషి స్థానంలోకి తనే వెళ్ళి నిలబడింది. కానీ కుంచె పట్టుకున్నదీ తనే. యూరప్‌వాళ్ళు తనలాంటి చర్మం రంగున్న ఆడదాన్ని ఎలా చూస్తారో తెలిసిన మనిషి వేసిన బొమ్మ ఇది. ఆ ముఖం చూడండి, మనవైపు చూడదు, నవ్వదు, మనల్ని మెప్పించే ప్రయత్నమేమీ ఆ ముఖంలో లేదు. నేను ఈ బొమ్మ ముందు చాలాసేపు ఉండిపోతాను ఎప్పుడు చూసినా. ఎవరో మనకి అంటగట్టిన రూపాన్ని కాదనడానికి ఒక దారి దాన్ని పక్కకి తోసేయడం. ఇంకో దారి అందులోకి దిగి, లోపలనుంచి చూడటం. రెండోది కష్టం.

అదే ఏడాది చివర్లో ఆమె ఇండియాకి వచ్చేసింది. 1936 చివర్లో అజంతా చూసింది, దక్షిణాది తిరిగింది, 1937లో 'బ్రహ్మచారులు', 'పెళ్ళికూతురి అలంకరణ' వేసింది. పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాను, పారిస్ బొమ్మ ఇటు, ఈ బొమ్మ అటు. ఆకారాలు సాదాగా అయిపోయాయి, రంగు దట్టంగా పరుచుకుంది, వివరాలు తగ్గాయి, మనుషులు కదలకుండా ఉన్నారు. పారిస్‌లో నేర్చుకున్నది పారేసిందా? పారేయలేదు. కూర్పు చూడండి, నేర్చుకున్న చెయ్యి అది. అజంతాని కాపీ కొట్టిందా? అదీ లేదు. రెండూ వచ్చిన చేతికి మూడోది దొరికింది. 1941లో, 28 ఏళ్ళకే లాహోర్‌లో చనిపోయింది. అంత కొద్ది కాలంలో ఇంత దూరం నడిచింది.

అమృత దగ్గరే ఇంకాస్త ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ ఫోటోల సంగతి వస్తుంది. నాన్న ఉమ్రావ్ సింగ్ ఫోటోలు తీసేవాడని చెప్పానా? చెప్పలేదు. ఏళ్ళ తరబడి తననీ, భార్యనీ, ఇద్దరు కూతుళ్ళనీ ఫోటోలు తీశాడు. తర్వాత అమృత చెల్లెలి కొడుకు, వివాన్ సుందరం, ఆయనా పేరున్న ఆర్టిస్టే, 2001, 2002 ప్రాంతాల్లో తాతయ్య తీసిన ఫోటోల్ని కంప్యూటర్లో కలిపి కొత్త చిత్రాలు చేశాడు. 'రీ-టేక్ ఆఫ్ అమృత' అని పేరు. వేరువేరు ఏళ్ళలో, వేరువేరు దేశాల్లో తీసిన ఫోటోల్లోని మనుషులు ఒకే గదిలో కనిపిస్తారు. పక్కపక్కన ఎన్నడూ నిలబడనివాళ్ళు నిలబడతారు.

మరి ఇది నిజమా, కల్పనా? ఫోటో అనగానే మనం నిజం అనుకుంటాం. కానీ మీ ఇంట్లో ఆల్బమ్ తీసి చూడండి. ఏముంటాయి? పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, ప్రయాణాలు. గొడవలు ఉంటాయా? అప్పుల టెన్షన్ ఉంటుందా? రోజూ ఇంటిపని చేసే మనిషి పని చేస్తూ ఉన్న ఫోటో ఎన్ని ఇళ్ళల్లో ఉంటుంది? ఫ్రెంచి కళాకారుడు క్రిస్టియన్ బోల్టాన్స్కీ 1971లో ఒక స్నేహితుడి కుటుంబం ఫోటోలు తీసుకుని, 1939 నుంచి 1964 దాకా తీసిన 150 ఫోటోల్ని వరసలో పెట్టి గోడకి తగిలించాడు. ఆ కుటుంబం చరిత్ర అందులో దొరుకుతుందని చూశాడు. దొరికిందేమిటి? అందరి ఆల్బమ్‌ల్లో ఉండే ఫోటోలే. ఆ కుటుంబం గురించి ప్రత్యేకంగా ఏమీ తెలియలేదు. కాబట్టి ఫోటో చూసి బొమ్మ వేసేటప్పుడు నేను నా దగ్గర నేర్చుకునేవాళ్ళని అడిగే మొదటి ప్రశ్న, ఫోటోలో ఎవరున్నారని కాదు. తీసింది ఎవరు? కెమెరా ఎవరి చేతిలో ఉంది? ఫోటోల్లో ఎప్పుడూ కనబడని మనిషి చాలాసార్లు కెమెరా వెనక ఉన్న మనిషే. లేదా, పిలవని మనిషి. ఈ రెండూ చాలా వేరు, మీ ఇంట్లో ఏది అన్నది మీరే కనుక్కోవాలి.

జ్ఞాపకం లేకపోతే?

ఇక్కడ ఒకరు చెయ్యెత్తారు. అవును, చెప్పండి... మైకు లేదు, నేను మళ్ళీ చెప్తాను అందరికీ వినబడేలా. "మా ఇంట్లో పాత ఫోటోలే లేవు, చెప్పేవాళ్ళు కూడా లేరు, నేనేం వేయాలి?" అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. నేను చెప్పబోయేది కూడా దాని గురించే.

జేకబ్ లారెన్స్. అమెరికాలో నల్లజాతి చిత్రకారుడు, 1917లో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధం రోజులనుంచి లక్షల మంది నల్లజాతివాళ్ళు దక్షిణాది రాష్ట్రాలు వదిలి ఉత్తరాది నగరాలకి వెళ్ళిపోయారు, పనుల కోసం, అక్కడి హింస తప్పించుకోవడం కోసం. లారెన్స్ అమ్మానాన్నలూ అలా వచ్చినవాళ్ళే. 1940, 41లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఆ వలస మొత్తాన్నీ 60 బొమ్మలుగా వేశాడు. కానీ ఆ దక్షిణాదిని అప్పటికి తను చూడనేలేదు. మరెలా వేశాడు? న్యూయార్క్ హార్లెమ్‌లోని లైబ్రరీలో కూర్చున్నాడు. పుస్తకాలు, పాత పత్రికలు చదివాడు, నోట్స్ రాసుకున్నాడు. పెద్దవాళ్ళు చెప్పేవి విన్నాడు. తర్వాత బొమ్మలకి కింద రాసే వాక్యాలు ముందు తయారుచేసుకుని, అప్పుడు బొమ్మలకి దిగాడు.

నేను మాటిమాటికీ చెప్తుంటాను ఇది, మళ్ళీ చెప్తాను. వారసత్వం అంటే మనకి గుర్తున్నది మాత్రమే అనుకోకండి. వెతికితే దొరికేది కూడా మనదే. లైబ్రరీలో దొరికింది మనది కాకుండా పోదు.

ఆయన పని చేసిన పద్ధతి కూడా వినండి, బొమ్మలు వేసేవాళ్ళకి పనికొస్తుంది. 60 పలకలూ ఒకేసారి పరిచి పెట్టుకున్నాడు. ఒక రంగు తీసుకుని, అన్ని పలకల్లో ఆ రంగు పడాల్సిన చోట్ల వేసేవాడు, తర్వాత ఇంకో రంగు. అందువల్ల మొదటి బొమ్మలోని పసుపే చివరి బొమ్మలోనూ కనిపిస్తుంది. అన్నీ కలిసి ఒకే కథ అని చెప్పడానికి ఇంతకంటే సూటి పద్ధతి నాకు కనబడలేదు. ముఖాలు చూడండి, చాలా బొమ్మల్లో కళ్ళూ ముక్కూ ఉండవు, ఒంటి వాలు మాత్రమే ఉంటుంది, మూటలు మోస్తున్న భుజాలు, ముందుకి వంగిన వీపులు. ఇందులో ఆయన అమ్మ ఎవరు? ఎవరైనా కావచ్చు. తన ఒక్క కుటుంబం గురించి వేయలేదు. తన కుటుంబం ఏ గుంపులో నడిచిందో ఆ గుంపుని వేశాడు. ఇప్పుడు బేసి అంకెల బొమ్మలు వాషింగ్టన్‌లో ఫిలిప్స్ కలెక్షన్‌లో, సరి అంకెలవి న్యూయార్క్‌లో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉన్నాయి. అలా పంచుకుని కొన్నారు. ఒకే చోట ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది, అప్పుడప్పుడు ప్రదర్శనలకి కలుపుతారనుకోండి.

ఫోటోలు లేనివాళ్ళకి ఇంకో దారి చూపిస్తాను. జరీనా. 1937లో అలీగఢ్‌లో పుట్టింది, 2020లో చనిపోయింది. గణితం చదువుకుంది, తర్వాత ప్రింట్‌మేకింగ్ నేర్చుకుంది, చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసే పని. దేశ విభజన నాటికి పదేళ్ళ పిల్ల. తర్వాత కుటుంబం పాకిస్తాన్ వెళ్ళిపోయింది, జరీనా దేశాలు తిరుగుతూ చివరికి ఎక్కువకాలం న్యూయార్క్‌లో ఉంది. ఆవిడ వేసిన వాటిలో మనుషులు కనబడరు. చూడండి, నల్ల గీతలు, అంతే. ఇది ఇంటి ప్లాను. ఇది గుమ్మం. ఇది 'డివైడింగ్ లైన్', 2001, కాగితం మధ్యలో వంకర్లు తిరుగుతూ ఒక మందపాటి గీత, భారత్‌కీ పాకిస్తాన్‌కీ మధ్య సరిహద్దు. ఒక్క ముఖం లేదు, ఒక్క కన్నీటి చుక్క లేదు. అయినా ఈ గీత ముందు నిలబడితే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

'లెటర్స్ ఫ్రమ్ హోమ్' అని 2004లో చేసింది. అక్క రాణి ఉర్దూలో జరీనాకి ఉత్తరాలు రాసి పోస్టు చేయకుండా దాచుకుంది. చావుల గురించి, ఇల్లు అమ్మేయడం గురించి రాసిన ఉత్తరాలు అవి. చాలాకాలం తర్వాత అవి జరీనా చేతికి వచ్చాయి. ఆ చేతిరాతనే అచ్చులోకి తెచ్చి, దాని మీద ఇంటి ప్లానులూ మ్యాపులూ అచ్చువేసింది. ఉర్దూ రాని మనకి ఆ ఉత్తరాలు చదవడం రాదు. చదవలేకపోయినా ఒక మనిషి చేతిరాత అని తెలుస్తుంది, దాని మీద ఒక ఇల్లు పడిందని తెలుస్తుంది. మీ దగ్గర ఫోటో లేకపోవచ్చు. ఒక చీటీ ఉందా? పద్దు పుస్తకం ఉందా? ఉన్న ఇంటి గదులు ఎటునుంచి ఎటో గుర్తున్నాయా? కళ్ళు మూసుకుని ఆ ఇంట్లో నడవండి, ప్లాను గీయండి. ఎక్కడ తలుపు ఉందో గుర్తురాకపోతే అక్కడ గీత ఆపేయండి. అందంగా ఉండటం కోసం ఊహించి పూర్తిచేయకండి, దయచేసి. తెలియని చోటు తెలియనట్టే కనబడనివ్వండి.

"మీవాళ్ళ కళ" అంటే ఏది?

ఇప్పుడు నాకు బాగా పట్టుదల ఉన్న విషయం ఒకటి చెప్పాలి. మూలాల మీద బొమ్మ వేయమంటే చాలామంది వెంటనే వేసేది ఏమిటో తెలుసా? వేళ్ళున్న చెట్టు. లేదా జెండా. లేదా ఏదో ఒక పాత నమూనా నెట్‌లోంచి దించి అంచుకి వేస్తారు. తప్పని అనను, కానీ ఆ చెట్టు మీకే కాదు, మీ పక్కవాళ్ళకీ సరిపోతుంది, ఇక్కడున్న ప్రతి ఒక్కరికీ సరిపోతుంది. మరి అందులో మీరెక్కడ? ఆ చెట్టు ఒకసారి వేసేసి పక్కన పెట్టండి, తర్వాతి కాగితం నుంచి మొదలుపెడదాం.

యింకా షోనిబారే సంగతి చెప్తాను. లండన్‌లో 1962లో పుట్టాడు, నైజీరియాలోని లాగోస్‌లో పెరిగాడు, మళ్ళీ లండన్‌లో ఆర్ట్ చదువుకున్నాడు. చదువుకునే రోజుల్లో సోవియట్ రాజకీయాల మీద ఏదో పని చేస్తుంటే, ఒక టీచరు "నువ్వు అసలైన ఆఫ్రికన్ కళ ఎందుకు చేయవు?" అన్న అర్థంలో అడిగాడట. అసలైన ఆఫ్రికన్ అంటే ఏది? ఆయన దాని వెంట పడ్డాడు. ఆఫ్రికా అనగానే అందరికీ గుర్తొచ్చే ఆ రంగురంగుల అచ్చు బట్ట ఉంది చూశారా, దాని పుట్టుక వెతికితే ఏం తేలింది? ఇండోనేషియావాళ్ళు మైనంతో అద్దకం వేసే బాటిక్ బట్టని చూసి డచ్‌వాళ్ళు మిల్లుల్లో తయారుచేశారు, పశ్చిమాఫ్రికాలో అమ్మారు, అక్కడివాళ్ళు ఇష్టపడి తమదిగా చేసుకున్నారు. ఇప్పుడది ఎవరిది? షోనిబారే ఆ బట్టనే తీసుకుని పాత ఇంగ్లీషు దొరల తరహా దుస్తులు కుట్టించి, తలల్లేని బొమ్మలకి తొడిగాడు. 2010లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పెద్ద సీసాలో ఇంగ్లీషు నౌకాసేనాని నెల్సన్ ఓడ నమూనాని పెట్టినప్పుడు తెరచాపలకీ ఆ బట్టే.

నేను అడిగేది ఏమిటంటే, ఆ బట్ట బయటినుంచి వచ్చిందని తెలిశాక అది ఆఫ్రికావాళ్ళది కాకుండా పోయిందా? పోలేదు. తరాలుగా కట్టుకున్నారు, పెళ్ళిళ్ళలో కట్టుకున్నారు, చావుల్లో కట్టుకున్నారు. వాళ్ళదే. మూలాలు వెతకడమంటే ఎక్కడో కలుషితం కాని మొదటి చుక్క ఉంటుందని తవ్వుకుంటూ పోవడం అనుకునేవాళ్ళతో నేను ఏకీభవించలేను. అలా తవ్వేవాళ్ళు చివరికి మనుషుల్ని వేరుచేయడం దగ్గరికే చేరతారు, ఇందాక 1935 గురించి చెప్పుకున్నాం.

ఫెయిత్ రింగ్‌గోల్డ్ గురించి తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. హార్లెమ్‌లో పుట్టిన నల్లజాతి చిత్రకారిణి. 1972లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో టిబెట్ తంకాలు చూసింది, గుడ్డ అంచు కట్టిన బొమ్మలు, చుట్టి పట్టుకుపోవచ్చు. అవి చూసి తన బొమ్మలకీ గుడ్డ అంచులు కుట్టించడం మొదలుపెట్టింది. కుట్టింది ఎవరు? వాళ్ళమ్మ, విల్లీ పోసీ, డ్రెస్ డిజైనరు. అక్కడినుంచి 1980లో తల్లీకూతుళ్ళు కలిసి 'ఎకోస్ ఆఫ్ హార్లెమ్' అనే బొంత చేశారు. బొంతలు కుట్టడం ఆ ఇంట్లో ముందునుంచీ ఉంది, బానిసత్వంలో పుట్టిన పూర్వీకురాలు కూడా కుట్టేది. అంటే చూడండి, అమ్మ ఇంట్లోనే ఉంది, సూది ఇంట్లోనే ఉంది, కానీ అటువైపు దారి చూపించింది టిబెట్ బొమ్మ. తర్వాత తన ఆత్మకథకి పబ్లిషర్లు దొరకకపోతే కథల్ని బొంతల మీదే రాసింది. మ్యూజియంవాళ్ళు బొంత కళ కాదంటారేమోనని ఆగిపోలేదు. 1988లో చేసిన 'టార్ బీచ్' ఇప్పుడు న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఉంది.

కాబట్టి ఆయిల్ రంగులూ కాన్వాసూ ఉంటేనే ఆర్ట్ అనుకోకండి. మీ ఇంట్లో చేతులకి ఏ పని వచ్చో ముందు అది చూడండి. కుట్టుపనా, చెక్కపనా, లెక్కలు రాయడమా? ఆ చేతులు వాడిన వస్తువుతోనే మొదలుపెట్టొచ్చు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఇది చెప్పకపోతే మిగతాదంతా సగమే. 1971లో ఆస్ట్రేలియా మధ్యలో, పాపున్యా అనే చోట, అక్కడి ఆదివాసీ పెద్దలు బడి గోడ మీద తేనెచీమల గాథని పెద్ద బొమ్మగా వేశారు. జెఫ్రీ బార్డన్ అనే స్కూలు టీచరు ప్రోత్సహించాడు. తర్వాత చెక్కల మీద, కాన్వాస్ మీద వేయడం మొదలైంది, 1972లో వాళ్ళ సొంత సంస్థ పాపున్యా తులా ఏర్పడింది. కానీ మొదట్లో వేసిన కొన్ని బొమ్మల్లో బయటివాళ్ళు చూడకూడని గుర్తులు ఉన్నాయని వాళ్ళలోనే అభ్యంతరాలు వచ్చాయి. దీక్ష తీసుకున్నవాళ్ళే చూడాల్సినవి అవి. అప్పుడు చిత్రకారులు ఏం చేశారు? కొన్ని గుర్తులు మానేశారు, కొన్నిటిని చుక్కలతో కప్పేశారు. ఇవాళ ప్రపంచమంతా మెచ్చుకునే ఆ చుక్కల వెనక ఒక కారణం దాచుకోవడం. మొదటి బొమ్మల్లో కొన్నిటిని మ్యూజియంలు ఇప్పటికీ అందరికీ చూపించవు.

మన ఇళ్ళల్లోనూ అంతే. మీరు వేయబోయే అమ్మమ్మ కథ మీదొక్కరిదే కాదు, ఆవిడది. బతికున్నవాళ్ళయితే అడగండి. "ఇది వేస్తాను, నలుగురూ చూస్తారు, ఫర్వాలేదా?" అని అడగండి. వద్దంటే? వద్దంటే వద్దు, గోడకి పెట్టకండి. మీకోసం వేసుకుని దాచుకోండి, లేదా చుక్కలు వేయండి, రంగు కప్పేయండి, ఏం కప్పారో మీకు తెలుసు చాలు. అన్నీ బయటపెడితేనే నిజాయితీ అని ఇప్పుడు అందరూ అనుకుంటున్నారు. నేను ఒప్పుకోను. ఏది చూపించకూడదో తెలిసి ఉండటం కూడా వారసత్వంలో భాగమే.

సరే, ఇంకా చూపించాల్సినవి ఉన్నాయి కానీ మీ చేతులు కదలాలి, నా మాటలు ఆపుతాను. పక్క టేబుల్ మీద కాగితాలు, బొగ్గు ముక్కలు, పెన్సిళ్ళు ఉన్నాయి. ఫోటో తెచ్చుకున్నవాళ్ళు దాన్ని మొత్తం వేయకండి. అందులో ఎప్పుడూ సరిగా చూడని భాగం ఒకటి ఎంచుకోండి, వెనక గోడ కావచ్చు, ఎవరి భుజం మీదో ఉన్న చెయ్యి కావచ్చు, ఫ్రేమ్ అంచున సగం తెగిపోయిన మనిషి కావచ్చు. దాన్ని పేజీ అంత పెద్దదిగా వేయండి. ఫోటో ఎవరు తీశారో కాగితం వెనక రాయండి, తెలియకపోతే తెలియదని రాయండి. ఫోటో లేనివాళ్ళు ఇంటి ప్లాను గీయండి, ముందు చెప్పినట్టే, గుర్తులేని దగ్గర గీత ఆపేయండి. రబ్బరు వాడకండి ఈ పూటకి, చెరిపేసినది కూడా మనకి కావాలి. ప్రశ్నలుంటే వేస్తూనే అడగండి, నేను మీ మధ్యలో తిరుగుతుంటాను.